బండిలో కరెంటు ఎక్కడ ఆగింది?

రాయచూరు నుంచి లింగసుగూరు వెళ్లే దారిలో కల్మల వస్తుంది. మాన్వి, సింధనూరు వైపు పోయే రోడ్డు ఈ కల్మల కూడలి దగ్గరే చీలుతుంది. ఒకవైపు తుంగభద్ర ఎడమ కాలువ కింద వరి పండించే వలస రైతుల ఊళ్లు, అంటే క్యాంపులు, ఇంకోవైపు పత్తి, కంది వేసే రేగడి చేలు. 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న నేల కాబట్టి కన్నడం, తెలుగు, ఉర్దూ మూడూ ఒకే వాక్యంలో వినిపిస్తాయి. ఇక్కడ బండి అంటే మోటార్ సైకిలే. మనిషితో పాటు ఎరువు బస్తా, మందు డబ్బా, పాల క్యాను, స్ప్రేయరు అన్నీ దాని మీదే పోతాయి. పొద్దున బండి స్టార్ట్ కాకపోతే ఆ రోజు కూలీలు ఎదురుచూస్తూ గట్టు మీద కూర్చుంటారు, మార్కెట్‌లో బేరం దాటిపోతుంది.

ఇంజనులో లోపముంటే చెవికి వినిపిస్తుంది, పొగలో కనిపిస్తుంది, చేతికి వేడిగా తగులుతుంది. కరెంటు లోపం అలా బయటపడదు. అందుకే దాన్ని వెతికే పనిలో ఊహ ఎక్కువ, కొలత తక్కువ అయిపోయింది. రోడ్డు పక్క షెడ్లలో ఈ లోపాలను వెతుకుతున్న తీరు ఏమిటి, అందులో ఏది నిలబడుతుంది, బండ్లు మారిన కొద్దీ ఏ అలవాటు ప్రమాదకరంగా మారింది అన్నది ఈ సమీక్ష. నా అభిప్రాయం ముందే చెబుతాను. బ్యాటరీ, సీడీఐ (స్పార్క్ పుట్టించే ఎలక్ట్రానిక్ డబ్బా), సెల్ఫ్ మోటార్ లాంటి వస్తువులు చెడిపోవడం కన్నా, వాటి మధ్య కరెంటు నడిచే దారి చెడిపోవడం చాలా ఎక్కువ. కస్టమర్ డబ్బు మాత్రం వస్తువుల మీదే ఖర్చవుతోంది.

వస్తువులు మార్చే ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. మైసూరులో 1961లో మొదలై 1996లో మూతపడిన ఐడియల్ జావా ఫ్యాక్టరీ నుంచి వచ్చిన జావా, యెజ్డీ బండ్లు ఈ ప్రాంతమంతా తిరిగాయి. పాత జావాల్లో ఉండేది 6 వోల్టుల డైనమో. 35 వాట్ల బల్బు వెలగాలంటే 12 వోల్టుల బండిలో దాదాపు 3 ఆంపియర్లు చాలు, 6 వోల్టుల్లో దాదాపు 6 కావాలి. కరెంటు రెట్టింపైతే తుప్పు పట్టిన ప్రతి అతుకు దగ్గరా నష్టమూ పెరుగుతుంది. ఆ కాలం మెకానిక్‌కి అతుకులు శుభ్రం చేయడం తప్పనిసరి. ప్లాటినం పాయింట్ల మధ్య గ్యాప్ చూసి, ఎమరీ పేపర్‌తో రుద్ది, కండెన్సర్ మార్చి బండిని నడిపించేవారు. బుల్లెట్‌లో అయితే హెడ్‌లైట్ పైనే అమ్మీటర్ ముల్లు ఉండేది. ముల్లు ఎటు వాలిందో చూస్తే చార్జింగ్ ఉందో లేదో నడిపేవాడికే తెలిసిపోయేది. ఆ చిన్న ముల్లు ఎన్నో తరాలకు కరెంటు పాఠం చెప్పింది. తర్వాతి బండ్లలో అది పోవడం నిజమైన నష్టమని నేననుకుంటాను.

పాయింట్లు పోయి సీడీఐ వచ్చాక రుద్దడానికి ఏమీ మిగల్లేదు. తారులో ముంచి మూసేసిన ఒక నల్ల డబ్బా. విప్పి చూడటానికి లేదు, పని చేస్తే చేస్తుంది, లేకపోతే లేదు. అక్కడి నుంచే మార్చి చూడటం ముఖ్య పద్ధతి అయింది. దీన్ని పూర్తిగా తప్పు పట్టలేం. షెడ్‌లో మంచిదని తెలిసిన సీడీఐ ఒకటి పెట్టుకుని, తగిలించి చూసి, తేడా లేకపోతే తీసేసే మెకానిక్ చేసేది సరైన పరీక్షే. చిక్కు వేరే చోట ఉంది. కొత్త సీడీఐ పెట్టాలంటే కప్లర్ పీకి మళ్లీ గుచ్చాలి. ఆ పీకి గుచ్చడంలో పిన్నుల మీద పట్టిన తుప్పు కొంత రాలిపోతుంది, బండి స్టార్ట్ అవుతుంది. పేరు కొత్త సీడీఐకి వస్తుంది, డబ్బు కస్టమర్ ఇస్తాడు. పది పదిహేను రోజులకు అదే పిన్ను మళ్లీ తుప్పు పడుతుంది. అప్పుడు కాయిల్ మారుస్తారు, మళ్లీ అదే వరుస. ఏ కొత్త వస్తువు పెట్టే ముందైనా పాతదాన్నే ఒకసారి పీకి, పిన్నులు శుభ్రం చేసి, గుచ్చి చూడాలన్న ఒక్క నియమం పాటిస్తే సగం ఖర్చు తగ్గుతుంది.

రెండో పద్ధతి టెస్ట్ ల్యాంప్. ఇండికేటర్ బల్బుకి రెండు వైర్లు అతికించి, ఒకటి ఎర్త్‌కి పట్టి, రెండోదాన్ని వైరు మీద గుచ్చి చూస్తారు. చదువు లేని చేతికి కూడా పట్టుబడే ఈ పరికరాన్ని చిన్నచూపు చూడకూడదు. పది వాట్ల బల్బు దాదాపు 0.8 ఆంపియర్ లాగుతుంది. లోపల పోగులన్నీ తెగి, తుప్పు మీదుగా మాత్రమే తగులుతున్న వైరు మీద డిజిటల్ మీటరు పెడితే నిండుగా 12 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే మీటరు దాదాపు కరెంటు తీసుకోదు. అదే వైరు మీద బల్బు పెడితే మసకగా వెలిగో, అసలు వెలగకుండానో నిజం చెప్పేస్తుంది. అయితే ఇదే బల్బును కొత్త ఇంజెక్షన్ బండి సెన్సర్ వైరు మీద గుచ్చితే పని చెడుతుంది. ఆ వైర్లు 5 వోల్టుల మీద, అతి తక్కువ కరెంటుతో నడుస్తాయి. పాత బండికి మందైనది కొత్త బండికి విషం అవుతుంది.

మూడోది మల్టీమీటర్. కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. చాలా షెడ్లలో కనిపిస్తుంది కూడా, కానీ ఎక్కువగా బ్యాటరీకి పెట్టి "పన్నెండు ఉంది" అనడానికే వాడతారు. దాని అసలు బలం ఎక్కడుందో చూపడానికి అందరికీ తెలిసిన ఒక ఫిర్యాదును దగ్గరగా చూద్దాం.

"అన్నా, సెల్ఫ్ కొడితే టక్ టక్ అంటాంది, తిరగట్లే" అని ఒకాయన వస్తాడు. మామూలుగా జవాబు బ్యాటరీ మార్చడం. ముందు మీటరు బ్యాటరీ రెండు కొనల మీద పెట్టాలి. ఏమీ నొక్కకుండా చూస్తే నిండుగా చార్జ్ అయిన బ్యాటరీ 12.6 నుంచి 12.8 చూపిస్తుంది. 12.0 దగ్గరుంటే అది దాదాపు అయిపోయినట్టే. ముందు చార్జ్ పెట్టి ఆ తర్వాతే మిగతా మాట. 12.6 ఉందనుకుందాం. ఇప్పుడు మీటరు అలాగే పెట్టి సెల్ఫ్ నొక్కాలి. 8 కి పడిపోతే బ్యాటరీ బలం లేదు, లేదా మోటార్ బిగుసుకుపోయి ఎక్కువ లాగుతోంది. ఏమాత్రం కదలకుండా 12.6 దగ్గరే ఉండి టక్ శబ్దం కూడా లేకపోతే, కరెంటు రిలే కాయిల్ దాకా రావడం లేదు. అప్పుడు క్లచ్ స్విచ్, సైడ్ స్టాండ్ స్విచ్, కిల్ స్విచ్, సెల్ఫ్ బటన్, ఫ్యూజ్ చూడాలి. టక్ మంటూ కూడా 12 పైనే ఉంటే రిలే పాయింట్లో, లావు కేబులో, ఎర్తో, మోటార్ కార్బన్లో చెడినట్టు. ఒక్క పరీక్షలో మూడు దారులు విడిపోయాయి, ఇంకా ఒక్క స్క్రూ కూడా విప్పలేదు.

మూడో దారి అనుకుందాం. మీటరు ఒక కొన బ్యాటరీ మైనస్ కొన మీద, రెండో కొన ఇంజను బాడీ మీద శుభ్రంగా గీకిన చోట పెట్టి సెల్ఫ్ నొక్కాలి. రెండూ ఎర్తే కాబట్టి సున్నా రావాలి, 0.2 దాకా పర్వాలేదు. 2 వోల్టులు వచ్చిందంటే ఎర్త్ కేబుల్ దొరికిపోయింది. లెక్క సులభం. సెల్ఫ్ మోటార్ పదుల ఆంపియర్లు లాగుతుంది. 40 ఆంపియర్లు నడిచే దారిలో 0.05 ఓమ్ అడ్డు ఉన్నా 2 వోల్టులు అక్కడే కాలిపోతాయి. ఆ 0.05 ఓమ్‌ను మామూలు మీటరు ఓమ్స్‌లో పెట్టి చూస్తే తెలియదు, పీప్ శబ్దం మాత్రం ధీమాగా వస్తుంది. ఈ లెక్కకు ఆధారం జర్మనీలో ఓమ్ 1827లో ప్రకటించిన సూత్రమే. ఆ ఎర్త్ బోల్టు విప్పితే లగ్గు కింద పెయింటు, తుప్పు, తెల్లటి పొడి కనిపిస్తాయి. ఎమరీ పేపర్‌తో ఇనుము మెరిసే దాకా రుద్ది, బిగించి, పైన కొంచెం వ్యాజలిన్ పూస్తే పని అయిపోతుంది.

ఈ ప్రాంత రైతుకు ఈ సంగతి కొత్తగా నేర్పక్కర్లేదు. డ్యామ్ నిండుగా ఉన్నా, తూము తెరిచినా, తుంగభద్ర ఎడమ కాలువ చివరన ఉన్న మాన్వి, రాయచూరు పొలాలకు నీళ్లు అందని ఏళ్లు వాళ్లు ఎన్నో చూశారు. నీళ్లు ఎక్కడ పోయాయో తెలియాలంటే కాలువ వెంట నడవాలి. మీటరుతో మెట్టు మెట్టుగా కొలవడం కూడా ఆ నడకే.

ఇక చార్జింగ్. కృష్ణ ఒడ్డున శక్తినగర్‌లో 1985లో మొదటి యూనిట్ మొదలై ఇప్పుడు 1,720 మెగావాట్ల సామర్థ్యానికి చేరిన థర్మల్ కేంద్రంలో తిరిగే జనరేటరూ, బండి మ్యాగ్నెట్ కవరు లోపలి కాయిల్ ప్లేటూ 1831లో ఫారడే కనిపెట్టిన ఒకే సూత్రం మీద నడుస్తాయి. అయస్కాంతం కదిలితే తీగలో కరెంటు పుడుతుంది. పుట్టేది ఏసీ. దాన్ని డీసీ చేసి హద్దులో ఉంచేది ఆర్ఆర్ యూనిట్. బండి నడుస్తుండగా రేస్ ఇచ్చి బ్యాటరీ మీద కొలిస్తే 13.5 నుంచి 14.5 మధ్య రావాలి. 13 దాటకపోతే చార్జింగ్ లేదు. 15 దాటితే ఆర్ఆర్ యూనిట్ అదుపు తప్పింది, అలాంటి బండిలో బల్బులు మాటిమాటికీ కాలిపోతాయి, బ్యాటరీ నీళ్లు ఆవిరవుతాయి. చార్జింగ్ లేనప్పుడు మ్యాగ్నెట్ నుంచి వచ్చే కప్లర్ విప్పి, మూడు వైర్లున్న బండిలో రెండేసి చొప్పున ఏసీలో కొలవాలి. మూడు జతల్లోనూ ఒకే రీడింగ్ ఉండి, ఇంజను ఆపాక ఏ వైరుకీ బాడీతో కనెక్షన్ లేకపోతే కాయిల్ బాగానే ఉంది. అనుమానం ఆర్ఆర్ మీదకో, దాని ఎర్త్ మీదకో పోతుంది. ఈ పరీక్ష చేయకుండానే కాయిల్ రీవైండింగ్‌కి వెళ్లిన బండ్లు లెక్కలేనన్ని.

ఇక్కడే ఇంకో మాట. రేస్ ఇస్తే లైటు పెరుగుతోంది, స్లోలో తగ్గిపోతోంది అని పాత చిన్న బండ్ల వాళ్లు ఫిర్యాదు చేస్తారు. వాటిలో చాలావాటికి హెడ్‌లైట్ నేరుగా మ్యాగ్నెట్ ఏసీ మీదే నడుస్తుంది. బ్యాటరీ హారన్‌కి, ఇండికేటర్లకి, బ్రేక్ లైట్‌కి మాత్రమే. కాబట్టి అది లోపమే కాదు, ఆ బండి తీరే అంత. దాన్ని బాగు చేస్తానని డబ్బు తీసుకోవడం అన్యాయం. ఏది లోపం, ఏది తయారీ తీరు అని విడదీయగలగడం ఈ పనిలో మొదటి విద్య.

ఫ్యూజ్ పోయే కేసులు ఇంకా ఎక్కువ హాని చేస్తాయి. ఫ్యూజ్ పోగానే దాని చోట సిగరెట్ రేకో, రాగి పోగో చుట్టడం ఇప్పటికీ ఉంది. అప్పుడు ఫ్యూజ్ బదులు వైరింగ్ కిట్ కాలుతుంది, ట్యాంకు కిందే కాలుతుంది. దీనికి రూపాయి ఖర్చు లేని మంచి ఉపాయం ఉంది. ఫ్యూజ్ చోట 21 వాట్ల బ్రేక్ లైట్ బల్బు తగిలించి కీ వేయాలి. షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, కానీ కరెంటు రెండు ఆంపియర్లు మించదు కాబట్టి ఏదీ కాలదు. ఇప్పుడు తీరిగ్గా ఒక్కో కప్లర్ విప్పుతూ పోవాలి. హారన్ విప్పినా మార్పు లేదు. బ్రేక్ స్విచ్ విప్పినా లేదు. వెనక మడ్‌గార్డు దగ్గరి కప్లర్ విప్పగానే బల్బు మసకబారింది. అంటే షార్ట్ అటువైపే ఉంది. వెతికితే నంబరు ప్లేటు స్క్రూ కింద నలిగిన వైరు కనపడుతుంది. అరడజను ఫ్యూజులు కాల్చి చేసే పనిని ఒక పాత బల్బు చేసిపెట్టింది.

ఒకసారి వచ్చి ఒకసారి పోయే లోపం అన్నిటికన్నా విసిగిస్తుంది. షెడ్ దగ్గరకొస్తే బండి బాగుంటుంది, చేను దగ్గర ఆగిపోతుంది. ఇలాంటి వాటిలో వెతకాల్సిన చోట్లు కొన్నే. హ్యాండిల్ తిరిగే మెడ దగ్గర వైర్లు ఏళ్ల తరబడి వంగి లోపల తెగుతాయి, పైన తొడుగు మాత్రం బాగుంటుంది. ఇంజను నడుస్తుండగా హ్యాండిల్ ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి చూడటమే పరీక్ష. తర్వాత ట్యాంకు అంచు, కీ స్విచ్, కప్లర్ల వరుస.

ఈ నేల తనవైన లోపాలు కొన్ని తయారు చేస్తుంది. ఎండాకాలం రాయచూరులో నలభై డిగ్రీలు దాటడం మామూలు. లెడ్ యాసిడ్ బ్యాటరీ వేడి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగమవుతుందని బ్యాటరీ శాస్త్రం చెప్పే లెక్క. బండిని రేకుల పంచన కాకుండా చెట్టు నీడన పెట్టడం అందుకే నిజమైన పొదుపు. నీళ్లు పోసే రకం బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. బోరు నీళ్లలోని లవణాలు ప్లేట్లను తినేస్తాయి. ఎరువు బస్తాల నుంచి రాలే పొడి తేమతో కలిసి రాగిని పచ్చగా మారుస్తుంది. వరి కోతల తర్వాత ఎలుకలు సీటు కింద, ఎయిర్ ఫిల్టర్ పక్కన గూడు పెట్టి వైర్లు కొరుకుతాయి. వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ పంపు గొట్టం నేరుగా కప్లర్ల మీదకు తిప్పితే మర్నాడు కొత్త రోగాలు మొదలవుతాయి.

రేగడి బురద సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. సైడ్ స్టాండ్ వేసి ఉంటే ఇంజను ఆగిపోయేలా ఇప్పటి చాలా బండ్లలో ఒక స్విచ్ ఉంటుంది. అది నేలకు దగ్గరగా, చక్రం చిమ్మే బురదకు ఎదురుగా ఉంటుంది. రేగడి అందులో చేరి ఎండిందంటే స్టాండ్ తీసినా తీయనట్టే లెక్క. వాన పడ్డాక చేలోంచి వచ్చిన బండి మర్నాడు స్టార్ట్ కాకపోతే నేను మొదట చూసేది అదే. డ్యాష్‌బోర్డు మీద సైడ్ స్టాండ్ గుర్తు వెలుగుతూనే ఉందేమో చూసి, ఒక మగ్గు నీళ్లతో స్టాండ్ మొదలు కడిగి, నాలుగుసార్లు పైకీ కిందకీ ఆడిస్తే చాలాసార్లు సరిపోతుంది.

పైన తగిలించే సామాను మరో తలనొప్పి. రెండు 55 వాట్ల హాలోజెన్ లైట్లు వేస్తే తొమ్మిది ఆంపియర్లు కావాలి. చిన్న కమ్యూటర్ బండి మ్యాగ్నెట్ అంత మోయలేదు. రిలే లేకుండా, విడి ఫ్యూజ్ లేకుండా, హెడ్‌లైట్ వైరుకే గీకి టేపు చుట్టిన అతుకు స్విచ్‌ను కరిగిస్తుంది. మొబైల్ చార్జర్, జీపీఎస్ లాంటివి బండి ఆపాక కూడా కొంచెం కొంచెం తాగుతుంటాయి. 3 ఆంపియర్ అవర్ బ్యాటరీ నుంచి 50 మిల్లీఆంపియర్లు కారుతుంటే 60 గంటల్లో, అంటే రెండున్నర రోజుల్లో, బ్యాటరీ ఖాళీ. ఊరికెళ్లి వచ్చేసరికి బండి స్టార్ట్ కాలేదన్న చాలా కథలకు కారణం ఇది. రంగుల సంగతి కూడా తెలియాలి. హోండా సంప్రదాయం బండ్లలో ఆకుపచ్చ ఎర్త్, నలుపు కీ వేస్తే కరెంటు వచ్చే వైరు. యమహాలో నలుపే ఎర్త్. ఒక కంపెనీ అలవాటుతో ఇంకో కంపెనీ బండి ముట్టుకుంటే షార్ట్ చేతులారా తెచ్చుకున్నట్టే.

2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లకు ఇంజను నడిచినంతసేపూ హెడ్‌లైట్ వెలుగుతూనే ఉండాలన్న నిబంధన వచ్చింది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చాక కార్బొరేటర్ పోయి చాలా బండ్లలో ఇంజెక్షన్, దాన్ని నడిపించే కంప్యూటర్ ఈసీయూ వచ్చాయి. ఇక్కడ పాత అలవాట్లు కొన్ని వెంటనే మానాలి. నడుస్తున్న బండికి బ్యాటరీ వైరు పీకి చార్జింగ్ ఉందో లేదో చూడటం ఒకప్పుడు మామూలే. ఇప్పుడు ఆ క్షణంలో ఎగిసే వోల్టేజి ఈసీయూను చంపగలదు. ప్లగ్గును ఎర్త్‌కు దూరంగా పట్టి స్పార్క్ ఎంత దూరం దూకుతుందో చూడటమూ అంతే. వెల్డింగ్ చేసే ముందు బ్యాటరీ విప్పాలి. బ్యాటరీ పూర్తిగా చచ్చినా కిక్కు కొట్టి పోవచ్చన్న ధీమా కూడా చాలా ఇంజెక్షన్ బండ్లలో చెల్లదు, పెట్రోలు పంపుకీ ఈసీయూకీ కరెంటు కావాలి.

కొత్త బండి చెప్పే గుర్తులూ ఉన్నాయి. కీ వేయగానే ట్యాంకులోంచి రెండు సెకన్ల పాటు సన్నటి గుయ్ శబ్దం వస్తుంది, పంపు పెట్రోలు సిద్ధం చేస్తోందన్న మాట. అది వినపడకపోతే ఫ్యూజ్, రిలే, పంపు చూడాలి. బండి పడిపోతే వాలు సెన్సర్ ఇంజను ఆపేస్తుంది. లేపి, కీ ఒకసారి ఆపి మళ్లీ వేస్తే చాలు. ఇది తెలియక పడిన బండిని ఆటోలో ఎక్కించి షెడ్‌కి తెచ్చేవాళ్లున్నారు. ఇంజను గుర్తు లైటు ఆరకుండా వెలిగితే కోడ్ చదవాలి. నాలుగో పద్ధతి స్కానర్ అవసరం అక్కడే. అయితే కోడ్ చెప్పేది ఏ సర్క్యూట్‌లో తేడా ఉందన్నదే. సెన్సర్ చెడిందో, దాని పిన్ను తుప్పు పట్టిందో కోడ్‌కి తెలియదు. బ్యాటరీ బలహీనంగా ఉన్నా తప్పుడు కోడ్లు వస్తాయి. కాబట్టి స్కానర్ పట్టినవాడికీ మీటరు తప్పదు.

స్కానర్లూ వైరింగ్ డయాగ్రామ్‌లూ కంపెనీ సర్వీస్ సెంటర్ దాటి బయటకు రావడం కష్టంగా ఉంది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో రైట్ టు రిపేర్ కోసం కమిటీ వేసి, ఆ ఏడాది డిసెంబరు 24న పోర్టల్ ప్రారంభించింది. అందులో వాహన రంగాన్నీ చేర్చింది. దిశ సరైనదే. కల్మల కూడలి మెకానిక్‌కి అది ఉపయోగపడాలంటే ఆయన బాగు చేసే బండి డయాగ్రామ్ కన్నడంలోనో తెలుగులోనో ఫోనులో తెరుచుకోవాలి.

అంతకన్నా పెద్ద అడ్డంకి మన దగ్గరే ఉంది. మార్చి చూడటం ఇంతగా పాతుకుపోవడానికి మెకానిక్ మోసం కారణమని నేను నమ్మను. ఎర్త్ బోల్టు రుద్ది బండి బాగు చేసినవాడికి ఇరవై రూపాయలివ్వడానికి బేరమాడతాం. సీడీఐ మార్చినవాడికి వందలు లెక్కపెట్టి ఇస్తాం, డబ్బా కళ్లకు కనపడింది కాబట్టి. గంటసేపు వెతికిన పనికి కూలి లేనప్పుడు ఎవరూ వెతకరు. షెడ్ గోడ మీద పంక్చర్‌కి రేటు రాసి ఉంటుంది, ఆయిల్ మార్చడానికి రాసి ఉంటుంది. కరెంటు లోపం వెతకడానికి ఇంత అని, సామాను మార్చినా మార్చకపోయినా అది ఇవ్వాలని, ఆ గోడ మీదే ఇంకో వరుస రాయాలి. బండి తెచ్చిన రైతు ఆ డబ్బు ఇచ్చి, విప్పిన పాత సామాను తిరిగి చేతికి ఇవ్వమని అడగాలి.